కర్నూలులో ఒకే మనిషి మీద అన్ని కష్టాలూ పడితే: తోడుండేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు లేదు, తాగుడు వదలదు, మనసు కుదురుగా లేదు, పైన ఓ కేసు. ఈ నాలుగూ కలిసి ఒకే మనిషిని పట్టుకుంటే ఏ గడప తొక్కినా ఇంకో గడప చూపిస్తారు. షెల్టర్‌లో ‘తాగొచ్చాడు, రానివ్వం’ అంటారు. వార్డులో ‘తోడు మనిషి లేడు’ అంటారు. బ్యాంకులో ‘ఆధార్ లింకు కాలేదు’ అంటారు. ఆధార్ సెంటర్లో ‘అడ్రస్ ప్రూఫ్ తెండి’ అంటారు. ఎవరి మాట వాళ్ళకు సబబే. మధ్యలో మనిషి మళ్ళీ బస్టాండు అరుగు మీదికే చేరుతాడు. అలాంటివాళ్ళకు కర్నూలు జిల్లాలో తోడు నిలబడేవాళ్ళ కోసం ఈ పేజీ రాశాం: ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు, సచివాలయం సిబ్బంది, ఆశా కార్యకర్తలు, రోజూ ఆ మనిషిని చూసే అంగళ్ళవాళ్ళు.

ముందు దేనితో మొదలుపెట్టాలి? ఆధార్‌తోనా, మందు మాన్పించడంతోనా, తల దాచుకునే చోటుతోనా?

ప్రాణం, పడక, కాగితం, డబ్బు, కోర్టు. ఈ వరస. వాయిదా వారంలోపు ఉంటే మాత్రం కోర్టు పని పడక పక్కకు జరగాలి.

చాలామంది ఆధార్‌తో మొదలుపెడతారు, అందరూ అదే అడుగుతారు కాబట్టి. కానీ చేతులు వణుకుతూ, రెండు రోజులుగా కడుపులో ఏమీ లేని మనిషి క్యూలో రెండు గంటలు నిలబడలేడు. మధ్యలో లేచి పోతాడు. ‘సాయం చేస్తామన్నా నిలుపుకోడు’ అనే ముద్ర అక్కడే పడుతుంది. ‘ముందు మందు మానెయ్, తర్వాత చోటు చూస్తాం’ అనడం కూడా తలకిందుల లెక్కే. రోడ్డు మీద పడుకునేవాడికి చలికీ, భయానికీ, నిద్రకూ మందే దిక్కవుతుంది. చోటు దొరికాక తాగుడు తగ్గించడం కష్టమే గాని కుదురుతుంది. చోటు లేకుండా కుదరడం చాలా అరుదు.

కాగితాలన్నీ ఎలా పెట్టుకోవాలి?

ఒక వంద పేజీల నోటుబుక్కు, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒకటి కొనండి. మొదటి పేజీలో పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, మండలం, ఆధార్ నంబరు, పెద్దాసుపత్రి (కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) ఓపీ నంబరు, వాడే మాత్రల పేర్లూ మోతాదూ, కోర్టు పేరు, కేసు నంబరు, తర్వాతి వాయిదా తేదీ రాయండి. రెండో పేజీ నుంచి ఒక్కో తిరుగుడుకు ఒక్కో వరస: తేదీ, ఆఫీసు, ఏ హోదా ఉన్నవాళ్ళతో మాట్లాడారు, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు. మూడోసారి పోయినప్పుడు ‘పోయిన నెల 14న మీరే ఇలా చెప్పారు’ అని చూపించగలిగితే పని నడుస్తుంది.

రోడ్డు మీద పడుకునే మనిషి దగ్గర ఒరిజినళ్ళు ఉంచకండి. సంచితో సహా పోతాయి, వానకు తడుస్తాయి. ఐదేసి జిరాక్సులు చేయించి ఒక జత ఆ మనిషికి, ఒక జత షెల్టర్‌లో, మిగతావి మీ దగ్గర ఉంచండి. ఒరిజినళ్ళు ఎవరి దగ్గర ఉండాలో ఆ మనిషినే అడిగి, ఎవరికిచ్చారో నోటుబుక్కులో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. 2009 అక్టోబరు వరదలో కర్నూలులో కాగితాలు పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ జాగ్రత్త విలువ బాగా తెలుసు.

రాత్రిపూట రోడ్డు మీద పడి ఉన్నాడు. తాగి పడిపోయాడని వదిలేయొచ్చా?

వదలొద్దు. షుగరు పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, ఫిట్స్ వచ్చి తగ్గినా మనిషి తాగినట్టే కనిపిస్తాడు. మందు వాసన వస్తోందంటే ఇవేవీ లేవని కాదు, అన్నీ కలిసే ఉండొచ్చు. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలక్కపోయినా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, చెవిలోంచి ముక్కులోంచి రక్తం కనిపించినా, ఒళ్ళు చల్లబడినా 108కి ఫోన్ చేయండి. వీధి పేరు కంటే గుర్తు చెప్పండి: కొండారెడ్డి బురుజు దగ్గర, రాజ్‌విహార్ సెంటర్‌లో ఫలానా అంగడి ముందర అని.

వాహనం వచ్చేలోపు ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి, వాంతి అయితే గొంతులోకి పోకుండా. పై నుంచి పడ్డాడనో, మెడకు దెబ్బ తగిలిందనో అనుమానం ఉంటే అనవసరంగా కదిలించకండి. మత్తు దిగుతుందని మజ్జిగో నిమ్మకాయ నీళ్ళో నోట్లో పోయకూడదు. స్పృహ లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

‘రేపటి నుంచి మందు ముట్టను’ అంటున్నాడు. ఇంట్లోనే మాన్పించొచ్చా?

ఎంత తాగుతాడు, ఎన్నాళ్ళుగా, పొద్దున లేవగానే తాగకపోతే చేతులు వణుకుతాయా, మునుపు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా. ఈ నాలుగూ అడగండి. పొద్దున్నే మందు పడితే తప్ప చెయ్యి నిలవని మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

జరిగేది ఇలా ఉంటుంది. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గుండె దడ, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య అసలు ప్రమాదం: జ్వరం, లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నట్టు అనిపించడం, లేని మనుషులతో మాట్లాడటం, పగలో రాత్రో తెలియకపోవడం. ఇంటివాళ్ళు దీన్ని గాలి అనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతారు. ఆ పోయిన ఒక్క రోజే ప్రాణం తీస్తుంది. అది గాలి కాదు, ఎమర్జెన్సీ. నేరుగా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం, డీ-అడిక్షన్ సెంటరు ఉన్నాయి. అక్కడ వణుకూ ఫిట్సూ రాకుండా మాత్రలు మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు, బి1 విటమిన్ సూదులు ఇస్తారు. ఏళ్ళ తరబడి అన్నం మానేసి తాగినవాళ్ళలో ఆ విటమిన్ అడుగంటి ఉంటుంది. దాన్ని భర్తీ చేయకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ‘నీరసం పోవడానికి ఒక సెలైన్’ పెట్టించే ముందు ఇది గుర్తుంచుకోండి. ఆసుపత్రికి చేరేదాకా బలవంతంగా సీసా లాక్కోకండి.

పోయేటప్పుడు రెండు జతల బట్టలు, దుప్పటి, గ్లాసు, పళ్ళెం, పాత చీటీలు తీసుకెళ్ళండి. బీడీలు దొరక్కే మూడో రోజు వార్డు నుంచి లేచిపోయేవాళ్ళు ఉంటారు. సిబ్బందితో ముందే మాట్లాడి నికోటిన్ చూయింగ్ గమ్ లాంటిది అడిగి పెట్టుకోండి. చిన్న విషయమే, మనిషిని నిలిపేది ఇదే.

తాగేది కల్లే కదా, అది మానితే ఏమీ కాదు కదా?

చెట్టు కల్లు వేరు, కలిపిన కల్లు వేరు. తుంగభద్రకు అవతల పాలమూరు వైపూ, ఇటు అనంతపురం వైపూ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన ఘటనలు బయటపడ్డాయి. వాటికి అలవాటుపడ్డ ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్సూ మతి తప్పడమూ అచ్చం సారా మానినట్టే వస్తాయి, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా వచ్చి ఎక్కువ రోజులు ఉంటాయి. కాబట్టి డాక్టరుకు ‘కల్లే సార్’ అని ఊరుకోకండి. ఏ దుకాణం కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, తాగిన ఎంతసేపటికి నిద్ర ముంచుకొస్తుంది అన్నది చెప్పండి.

తెలియకుండా అన్నంలో కలిపిపెట్టే మందు ఉందట కదా?

ఉంది. కలపొద్దు. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర కడుపులో ఉండగా మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె జబ్బున్నవాళ్ళు చనిపోవచ్చు. ఆపిన తర్వాత రెండు వారాల వరకూ దాని ప్రభావం ఉంటుంది. తాగే మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూసి రాస్తేనే అది మందు. లేకపోతే విషం.

షెల్టర్‌లో చేరడానికి ఏం కావాలి?

పట్టణ నిరాశ్రయుల వసతి కేంద్రాలను నగరపాలక సంస్థ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా చూసుకుంటాయి. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నియమం ప్రకారం లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటుండే ఒక షెల్టర్ ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగులు, 24 గంటలూ తెరిచి ఉండాలి. 2011 లెక్కల్లోనే కర్నూలు నగర జనాభా నాలుగు లక్షలు దాటింది. ఆ లెక్కన ఎన్ని షెల్టర్లు ఉండాలో అర్జీలో రాయడానికి ఈ అంకె పనికొస్తుంది.

గుర్తింపు కార్డు లేదని గేటు దగ్గరే పంపేస్తే, కార్డు లేనివాళ్ళ కోసమే షెల్టర్ అని మర్యాదగానే చెప్పండి. తాగి ఉన్నాడంటే మాత్రం వాదనకు దిగకండి. లోపల ముసలివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు ఉంటారు, మేనేజరు భయం నిజమే. ‘ఈ రాత్రి గొడవ చేస్తే నాకు ఫోన్ చేయండి, నేను వస్తా’ అని మీ నంబరు ఇవ్వండి. తలుపు తెరుచుకునేది ఎక్కువగా ఈ మాటకే. ఆడవాళ్ళను, పిల్లలున్నవాళ్ళను మగవాళ్ళ షెల్టర్‌కు పంపకండి. వాళ్ళకు మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్ళు తలదాచుకునే సఖి కేంద్రం. ఒంటరిగా దొరికిన పిల్లలకు 1098.

తిండికి అన్న క్యాంటీన్ ఉంది, పూటకు 5 రూపాయలు, మూడు పూటలకు 15. ఆదివారం మూత. ఆదివారానికి ముందే ఏదైనా చూసిపెట్టకపోతే సోమవారానికి మనిషి నీరసించిపోతాడు.

ఆధార్ పోయింది, నంబరు కూడా గుర్తు లేదు. కొత్తది తీయించొచ్చా?

ముందు ‘ఎప్పుడైనా కంటికీ వేళ్ళకూ మిషన్ పెట్టించుకున్నావా’ అని అడగండి. ఒక్కసారి పెట్టించుకుని ఉన్నా కొత్త నమోదు చేయొద్దు. వేలిముద్రలు పాతవాటితో కలిసి ఆ దరఖాస్తు తిరస్కరణకు పోతుంది, నెలలు వృథా. పాత నంబరే వెతకాలి: 1947కి ఫోన్ చేసి పేరు, పుట్టిన సంవత్సరం, పిన్‌కోడు చెప్పడం ఒక దారి. ఆధార్ సెంటర్లో వేలిముద్ర పెట్టి వెతికించడం ఇంకోటి. మూడోది ఎవరికీ తట్టదు: పాత రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల బడి రికార్డు, గ్యాస్ పుస్తకం. వీటిలో ఎక్కడో ఒకచోట ఆ నంబరు ఉంటుంది. సొంతూరు సచివాలయానికి ఫోన్ చేసి అడగండి.

నిజంగా ఎప్పుడూ తీయించుకోనివాళ్ళకు కొత్త నమోదు ఉచితం. అడ్రసు రుజువు లేకపోతే ఆధార్ సంస్థ ఇచ్చిన నమూనాలోనే సర్టిఫికెట్ కావాలి. గెజిటెడ్ అధికారి గానీ, తహసీల్దారు గానీ, గుర్తింపు ఉన్న షెల్టర్ సూపరింటెండెంటు గానీ సంతకం చేయొచ్చు. ఫొటో అంటించి, సంతకమూ ముద్రా సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. మూడు నెలలే చెల్లుతుంది. ఎక్కువగా వెనక్కి వచ్చేది ఎందుకంటే: సొంత లెటర్‌హెడ్డు మీద రాయడం, ముద్ర ఫొటో మీద పడకపోవడం, తేదీ వేయకపోవడం. 18 ఏళ్ళు దాటినవాళ్ళ మొదటి నమోదుకు రాష్ట్రం తరఫున విచారణ జరుగుతుంది, ఆరు నెలల దాకా పట్టొచ్చు. ఆ రసీదును ప్రాణంలా దాచండి.

వేలిముద్రలు పడటం లేదు. ఏం చేయాలి?

సిమెంటు పని, నాపరాళ్ళ పాలిష్, మిరపకాయల కోతలు చేసిన చేతుల్ని దగ్గరగా చూడండి. వేలి కొసన గీతలు అరిగి గాజులా నున్నగా ఉంటాయి, మిరప ఘాటుకు తోలు లేస్తుంటుంది. ముందురోజు రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు చేతులుంచి కొబ్బరినూనె రాయండి. పొద్దున సబ్బుతో జిడ్డు కడిగి, పూర్తిగా తుడిచి పెట్టించండి. పది వేళ్ళలో ఏది బాగా పడుతుందో కనుక్కుని నోటుబుక్కులో రాయండి, ఉంగరం వేలు పడే మనిషిని బొటనవేలు పెట్టమంటూ కూర్చుంటారు. అయినా పడకపోతే ఐరిస్ (కంటిపాప), ముఖ గుర్తింపు అడగండి. వేలు పడలేదని పింఛను ఆపేయడానికి వీల్లేదు.

ఏ పింఛను వస్తుంది?

ఎన్టీఆర్ భరోసా కింద ముసలివాళ్ళకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు, హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ళకు నెలకు 4,000 రూపాయలు. వికలాంగులకు 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైన వైకల్యానికి 15,000. కొత్త దరఖాస్తులు ఎప్పుడూ తెరిచి ఉండవు. తెరిచిన రోజున కాగితాలు వెతుక్కుంటే గడువు దాటిపోతుంది కాబట్టి ముందే సిద్ధం చేయండి.

తీవ్ర మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యమే అన్న సంగతి చాలామందికి తెలియదు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చే వైద్య పరీక్ష) స్లాటు బుక్ చేసుకోవాలి, 40 శాతం తేలాలి. మానసిక జబ్బుకు శాతం కట్టే పద్ధతిలో నాలుగు చూసి, ఇబ్బంది ఎక్కువైన కొద్దీ ఎక్కువ మార్కులు వేస్తారు: తన ఒంటి శుభ్రత, తిండి తాను చూసుకోగలడా, మనుషులతో ఎలా ఉంటాడు, మాట అర్థం చేసుకుని జవాబు చెప్పగలడా, పని చేయగలడా. వీటికి తోడు జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదానికీ మార్కులుంటాయి. రెండేళ్ళలోపు అయితే 1, పదేళ్ళు దాటితే 4. మొత్తం 7 వస్తే 40 శాతానికి చేరినట్టు. అందుకే పదేళ్ళ కిందటి నలిగిన ఓపీ చీటీ బంగారం. దాన్ని పారేసి కొత్త చీటీతో పోతే జబ్బు నిన్ననే మొదలైనట్టు రాసుకుంటారు. ఇంకో పొరపాటు, బోర్డు ముందుకు పోయే రోజు ఇంటివాళ్ళు పరువు కోసం ‘బాగానే ఉంటాడు సార్, తన పని తాను చేసుకుంటాడు’ అనడం. ఉన్నదున్నట్టు చెప్పండి.

మతి స్థిమితం లేని మనిషి ఊర్లో తిరుగుతోంది. స్టేషన్‌కు ఫోన్ చేస్తే మా పని కాదన్నారు.

అది వాళ్ళ పనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 100 ప్రకారం మానసిక జబ్బుతో దిక్కులేక తిరుగుతున్నవాళ్ళను రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత స్టేషన్ అధికారిది. లాకప్‌లో ఉంచకూడదు. ఇల్లూ వాకిలీ తెలియని మనిషైతే ఇంటివాళ్ళను వెతకడానికి కేసు కూడా కట్టాలి. నోటిమాటగా అడిగితే సాగదు. ఒక పేజీ అర్జీ రాసి, సెక్షన్ నంబరు వేసి, మనిషి ఎక్కడ ఏ వేళకు కనిపిస్తుందో, ఏ భాష మాట్లాడుతోందో రాసి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆదోని, మంత్రాలయం వైపు కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్ళు దొరుకుతుంటారు. ఆ భాష వచ్చినవాళ్ళతో ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడిస్తే ఊరి పేరు బయటికొస్తుంది. ఉరుకుంద జాతరలాంటి రద్దీ రోజుల తర్వాత వదిలేసిపోయిన ముసలివాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు, వాళ్ళకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

తోడు ఎవరూ లేకపోతే వార్డులో చేర్చుకోరట కదా?

అదే చట్టం సెక్షన్ 18 ప్రకారం ఇల్లూ దిక్కూ లేని మానసిక రోగులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం, రేషన్ కార్డు ఉన్నా లేకపోయినా. తన తరఫున మాట్లాడే ప్రతినిధి లేకపోతే, మానసిక రోగుల కోసం పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ మనిషిని డాక్టరు తాత్కాలికంగా ప్రతినిధిగా పెట్టుకోవచ్చని సెక్షన్ 14 చెబుతుంది. సంస్థ రిజిస్ట్రేషన్ కాపీ, మీ ఐడీ, ఒప్పుకుంటున్నట్టు లెటరు తీసుకుపోండి. చట్టం సంగతి ఇది. వార్డు సంగతి వేరు: నర్సమ్మకు కావలసింది రాత్రి పూట అన్నం పెట్టే, బాత్రూమ్‌కు తీసుకుపోయే ఒక మనిషి. మూడు పూటలకు ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసిచ్చి మాట్లాడండి.

గొలుసు వేయడం ఆ చట్టంలోని సెక్షన్ 95 నిషేధించింది, ఏ రూపంలోనూ కుదరదు. ఇంట్లో తల్లే కట్టేసి ఉంటే కేసు పెడతామని బెదిరించకండి. ఆమె కూలికి పోతే చూసేవాళ్ళు లేకే కట్టేసి ఉంటుంది. ఓపీకి తీసుకుపోయే రోజు ఆమె కూలి డబ్బు ఎవరైనా సర్దితే గొలుసు విప్పడం మొదలవుతుంది. గుడికో దర్గాకో మొక్కు ఉంటే ఆపొద్దు, మాత్రలు మాత్రం సంచిలో ఉండాలి.

పురుగుల మందు తాగింది. ఆసుపత్రికి పోతే పోలీసు కేసవుతుందని భయపడుతున్నారు.

ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, పోలీసులు వచ్చి మాట్లాడతారు. శిక్ష మాత్రం ఉండదు. తట్టుకోలేని ఒత్తిడిలో చేసిన పనిగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 చెబుతుంది. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే పని చేయకండి. డబ్బా, లేబుల్ వెంట తీసుకుపోండి. గడ్డి మందు తాగినవాళ్ళు మొదటి రోజు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు, ఆ మాట నమ్మి ఇంటికి తీసుకురావద్దు. డిశ్చార్జికి ముందు మానసిక వైద్యుల దగ్గర చూపించమని అడగండి. తర్వాత ఏ రాత్రయినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

భర్త తాగి కొడుతున్నాడు. ఆమెకూ మతి మాత్రలు నడుస్తున్నాయి. ఎక్కడికి తీసుకుపోవాలి?

ముందు క్యాజువాలిటీకి, దెబ్బలు రికార్డు కావాలి. ఆ తర్వాత 181 ద్వారా సఖి వన్‌స్టాప్ సెంటర్‌కు. అక్కడ ఉండనిచ్చేది సాధారణంగా ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లోపు జరగాల్సిన పని ఒకటి ఉంది: గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసే ఘటన నివేదిక. దాంతో మేజిస్ట్రేటు దగ్గర సెక్షన్ 12 అర్జీ వేస్తారు. మూడు రోజుల్లోపు మొదటి వాయిదా, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతుంది. అదే ఇంట్లో ఉండే హక్కు కూడా అడగొచ్చు, ఇల్లు భర్త పేరునో మామ పేరునో ఉన్నా సరే.

మానసిక జబ్బుకు మందులు వాడుతోందని దాచకండి. దాస్తే రెండో రోజు మాత్ర తప్పి, మూడో రోజు నిద్ర లేక, నాలుగో రోజు ‘ఈమెను మేం చూసుకోలేం’ అంటారు. నెలకు సరిపడా మాత్రలు, చీటీ వెంట పెట్టండి. పుట్టింటికి పోవాలంటే రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు గాని ఐడీ చూపించాలి. ఇల్లు విడిచే తొందరలో ఆధార్ భర్త బీరువాలోనే ఉండిపోతుంది. ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికైనా పంపి పెట్టుకోమని ముందే చెప్పండి.

బెయిల్ వచ్చి నెలయింది, జామీను ఇచ్చేవాళ్ళు లేక జైల్లోనే ఉన్నాడు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, 15100కు ఫోన్ చేసినా సరే. కస్టడీలో ఉన్న ఎవరికైనా లాయరు ఉచితం, ఆదాయం చూడరు. బెయిలిచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంస్థకు తెలపాలని, నెలలోపు జామీను కుదరకపోతే కోర్టు షరతు సడలించే విషయం ఆలోచించవచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. పేద ఖైదీల సాయం పథకం కింద విచారణ ఖైదీ జామీనుకూ, శిక్ష ఖైదీ కట్టలేని జరిమానాకూ ఒక పరిమితి వరకు ప్రభుత్వం కడుతుంది. గంజాయి లాంటి మత్తుమందుల చట్టం కేసులకు ఇది వర్తించదు.

మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ, గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల గడిపితే కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 479 కింద బాండు మీద విడుదల కావాలి. చావుశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు కాదు. చిక్కు ఎక్కడంటే, ఒకటికి మించి కేసులు నడుస్తుంటే ఈ వెసులుబాటు పోతుంది. రోడ్డు మీది మనిషికి చిల్లర కేసులు మూడు నాలుగు ఉంటాయి, తనకే లెక్క తెలియదు. అన్నీ ఒకే లాయరు చేతిలో పడేలా చూడండి. వాయిదాలకు పోక వారెంటు ఉన్నవాళ్ళు దాక్కోవడం కంటే లాయరుతో కలిసి కోర్టుకు తామే పోయి రీకాల్ (వారెంటు వెనక్కి తీసుకోమని) అడగడం మేలు.

విడుదల తేదీ ముందే కనుక్కుని గేటు దగ్గర ఉండండి. సాయంత్రం వదులుతారు, చేతిలో డబ్బుండదు, ఆ రాత్రి గడిచేది పాత స్నేహితుల దగ్గరే. లోపల వాడిన మాత్రల చీటీ అడిగి తీసుకోండి.

సుగ్గికి (వలస కూలికి) పోతే మందులు, పింఛను, పిల్లల చదువు ఏమవుతాయి?

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి గుంటూరు మిరప తోటలకు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. టీబీ కోర్సు ఆరు నెలలు, మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ అవుతుంది. పోయే వారం ముందు ఆసుపత్రిలో చెప్పి నిక్షయ్ నంబరు (టీబీ రోగుల నమోదు నంబరు) రాయించుకుంటే పోయిన చోటే మాత్రలు ఇస్తారు. పోషణకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడుతూనే ఉంటాయి. ఏఆర్‌టీ వాడేవాళ్ళు పుస్తకం వెంట ఉంచుకుని ముందుగానే ఎక్కువ నెలల మందులు అడగాలి. బియ్యం వేరే ఊర్లోనూ తీసుకోవచ్చు. పిల్లల్ని ఊర్లోనే ఉంచడానికి సీజనల్ హాస్టల్ ఉందేమో బడిలో అడగండి. పింఛను రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు.

ఎవరూ వినకపోతే ఎవరికి చెప్పాలి?

సోమవారం కలెక్టరేట్ సునయన ఆడిటోరియంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. కష్టాల కథంతా ఒకే అర్జీలో రాస్తే ఏదో ఒక శాఖకు పోయి ‘మాకు సంబంధించింది కాదు’ అని మూసేస్తారు. శాఖకు ఒక అర్జీ రాయండి: సదరం స్లాటు ఆసుపత్రికి, షెల్టర్ నగరపాలక సంస్థకు, సర్టిఫికెట్ తహసీల్దారుకు. ప్రతి దాంట్లో ఒకే ఒక్క కోరిక, ‘ఫలానా తేదీ లోపు ఫలానా పని’ అని. మిగతా అర్జీల నంబర్లు కింద రాయండి, అప్పుడే ఇవన్నీ ఒకే మనిషివని పైవాళ్ళకు తెలుస్తుంది. ఎంతవరకు వచ్చిందో 1100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

ఇంత చేశాక మళ్ళీ తాగాడు. ఇక చాలించుకోవాలా?

మళ్ళీ తాగడం ఈ జబ్బులో ఉన్నదే. షుగరు మళ్ళీ పెరిగిందని ఎవరినీ ఇంట్లోంచి తరమం కదా. పడకా పింఛనూ పోకుండా చూడండి. అవి నిలిస్తే తిరిగి ఓపీకి పోవడం ఒక్క రోజు పని. అవీ పోతే మొత్తం మొదటి నుంచి. మీరు మాత్రం ఒక్కరే మోయకండి. ఇద్దరు ముగ్గురు వారాలు పంచుకోండి, ఫోన్ ఎత్తే వేళలు ముందే చెప్పండి, అప్పు ఇవ్వకండి. డబ్బు ఇచ్చి పుచ్చుకున్న చోట ఆ మనిషి మొహం చూపించలేక తప్పించుకు తిరుగుతాడు.

వారంగా కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలి?

పెద్దాసుపత్రి క్యాజువాలిటీ రిజిస్టరు, మగవాళ్ళ మెడికల్ వార్డులు, మానసిక వార్డు, ఈ వరసలో. పేరు తెలియనివాళ్ళను ‘గుర్తుతెలియని వ్యక్తి’ అని రాస్తారు, కాబట్టి పేరుతో కాక ఫొటోతో అడగండి. తర్వాత కొత్త బస్టాండు, రైల్వే స్టేషన్, పాత పనిచోటు. రైల్వే పోలీసులను విడిగా అడగాలి, వాళ్ళ రికార్డు వేరు. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా జైల్లో ఉన్నాడేమో కనుక్కోండి. మార్చురీ రిజిస్టరు కూడా చూడాల్సిందే, ఇంటివాళ్ళను ఒంటరిగా పంపకండి. ఇవేవీ కాకపోతే స్టేషన్‌లో తప్పిపోయినట్టు ఫిర్యాదు రాసివ్వండి. ఫొటో, పుట్టుమచ్చలు, చివరిగా వేసుకున్న చొక్కా రంగు, వాడే మాత్రల పేర్లు అందులో ఉండాలి. రసీదు కాపీ సచివాలయంలోనూ ఇవ్వండి. పింఛను వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఊరు విడిచిపోయినట్టు రాసి ఆపేస్తారు, మూడో నెల ఒకటో తారీఖులోపే ఆ కాగితం వాళ్ళ చేతిలో ఉండాలి.